స్టెంట్ వేస్తే బ్లాక్ తీసేసినట్టా? రక్తనాళాల్లో అడ్డంకి తీసే కాథెటర్ల కథ

ఈ రోజు టాపిక్ వినగానే కొంతమందికి ఒళ్లు జలదరిస్తుంది. రక్తనాళంలోకి సన్నటి గొట్టం పంపి, లోపల అడ్డుపడ్డదాన్ని తీసే పరికరాల గురించి మాట్లాడబోతున్నాం. స్క్రీన్ మీద రక్తం ఏమీ చూపించను, భోజనం చేస్తూ చూసేవాళ్లు ధైర్యంగా కూర్చోవచ్చు.

మన ఇళ్లల్లో ఎవరికైనా గుండెకి స్టెంట్ వేస్తే ఏమంటాం? "రెండు బ్లాకులుంటే తీసేశారు" అంటాం. నిజానికి ఆ బ్లాకుల్ని ఎవరూ తీయలేదండి. అవి అక్కడే ఉన్నాయి. బెలూన్‌తో వాటిని గోడకి అదిమి, మళ్లీ ముందుకి రాకుండా ఒక లోహపు జాలీ బిగించారు. అదే పక్షవాతంలో, అంటే బ్రెయిన్ స్ట్రోక్‌లో, మెదడుకి వెళ్లే పెద్ద నాళంలో గడ్డ ఇరుక్కుంటే అక్కడ మాత్రం నిజంగానే తీస్తారు. తీసిన ముక్కని తెల్లగుడ్డ మీద పెడితే చిన్న జలగ పిల్లలా కనిపిస్తుంది.

రెండింటినీ మనం "బ్లాక్" అనే ఒక్క మాటతోనే పిలుస్తాం. అక్కడే చిక్కు వస్తోంది. స్టెంట్ గురించి ఇంట్లో పెద్దవాళ్లకి కూడా తెలుసు. మెదడులోంచి గడ్డని లాగే పద్ధతి ఒకటుందని చాలామందికి తెలీదు. దానికి టైమ్ మాత్రం చాలా తక్కువ.

ముందు అడ్డంకులు రెండు రకాలని పెట్టుకుందాం. మొదటిది ఏళ్ల తరబడి పేరుకునేది. బోరు నీళ్లు వాడే ఇళ్లల్లో గీజర్ పైపు విప్పి చూశారా ఎప్పుడైనా? లోపల తెల్లగా పెచ్చు కట్టి, నీళ్లు పోయే దారి పెన్సిలంత అయిపోయి ఉంటుంది. ధమనిలో కూడా కొవ్వు, కణాలు, కాల్షియం కలిసి అలా గట్టిపడతాయి. దాన్ని ప్లాక్ అంటారు. కాకపోతే పైపులో పెచ్చు గోడ మీద అంటుకుంటుంది. ప్లాక్ గోడ పొరల్లోపలే పెరుగుతుంది. అందుకే దాన్ని కడిగేద్దాం అంటే కుదరదు. "ఈ జ్యూస్ తాగితే బ్లాకులన్నీ కడిగేస్తుంది" అని తిరిగే వీడియోలున్నాయి కదా, గోడ లోపల ఉన్నదాన్ని జ్యూస్ ఎలా కడుగుతుందో వాళ్లనే అడగాలి.

రెండోది రక్తపు గడ్డ. దీనికి ఏళ్లు అక్కర్లేదు. కొంతమందికి గుండె లయ తప్పి కొట్టుకుంటుంది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. వాళ్లలో గుండె పైగదిలో రక్తం సరిగ్గా కదలక, పాలు తోడుకున్నట్టు గడ్డ కడుతుంది. ఒకరోజు ఆ ముక్క ఊడి, ప్రవాహంలో కొట్టుకుపోయి, నాళం ఎక్కడ సన్నబడితే అక్కడ ఇరుక్కుంటుంది. కాలికి వెళ్తే కాలు పాలిపోయి చల్లబడుతుంది. మెదడుకి వెళ్తే మూతి వంకరపోతుంది. ఆ నాళం అంతకుముందు వరకూ శుభ్రంగానే ఉండొచ్చు. మధ్యలో బిరడా పడింది, అంతే.

ఒక్కోసారి రెండూ కలుస్తాయి. గుండెపోటులో ఎక్కువగా జరిగేది అదే. పాత ప్లాక్ పగులుతుంది, ఆ పగులు మీద కొత్త గడ్డ కడుతుంది.

ఇప్పుడు కాథెటర్. పేరు పెద్దదే కానీ వస్తువు మాత్రం గొట్టమే. దీని సైజుని "ఫ్రెంచ్" అనే కొలతలో చెప్తారు. 3 ఫ్రెంచ్ అంటే బయటి వ్యాసం 1 మిల్లీమీటరు. 19వ శతాబ్దంలో పారిస్‌లో సర్జరీ పరికరాలు తయారుచేసిన షరియేర్ అనే ఆయన పెట్టిన లెక్క ఇది. గుండె పనికి మామూలుగా వాడే 6 ఫ్రెంచ్ గొట్టం అంటే 2 మిల్లీమీటర్లు. తొడ మొదట్లో గజ్జల దగ్గరున్న ధమనిలోంచో, మణికట్టు ధమనిలోంచో లోపలికి పంపుతారు. గుచ్చేచోట మత్తు సూది ఇస్తారు. ఆ తర్వాత గొట్టం ఎంత దూరం వెళ్లినా మనిషికి దాదాపు తెలియదు. డాక్టర్ కళ్లు ఎక్స్‌రే తెర మీద ఉంటాయి, వేళ్లు గొట్టం చివర ఉంటాయి.

గుండె దాకా గొట్టం పంపొచ్చని మొదట చూపించిన మనిషి కథ సినిమాకి తక్కువేం కాదు. 1929లో జర్మనీలో, ఎబర్స్‌వాల్డే అనే ఊరి ఆసుపత్రిలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే జూనియర్ డాక్టర్ ఈ పని చేస్తానన్నాడు. పై డాక్టర్ ఒప్పుకోలేదు. పరికరాల బీరువా తాళాలు ఒక నర్సు దగ్గరున్నాయి. ఆమెని ఒప్పిస్తే, "అయితే నా మీదే చెయ్యండి" అంది. సరేనని ఆమెని టేబుల్‌కి కట్టేసి, ఆమెకి తెలియకుండా తన సొంత చేతి సిరలోకే, అంటే మనం నరం అంటామే దాన్లోకి, మూత్రనాళానికి వాడే గొట్టాన్ని ఎక్కించుకున్నాడు. 65 సెంటీమీటర్లు! అలాగే ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లి ఫోటో తీయించుకున్నాడు. 1956లో మరో ఇద్దరితో కలిపి ఆయనకి నోబెల్ ఇచ్చారు. ధైర్యం సంగతి సరే, ఆ నర్సుకి చేసిన మోసం మాత్రం నాకు మింగుడుపడదు.

గొట్టం లోపలికి వెళ్లగలదని తేలింది. వెళ్లి గడ్డని తీయగలదా? దానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది. నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చే మనిషి అక్కడే వస్తాడు.

అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి. థామస్ ఫోగార్టీ అనే కుర్రాడు స్కూల్ రోజుల్లోనే ఒక ఆసుపత్రిలో పనికి చేరాడు. మొదట పరికరాలు కడగడం, తర్వాత ఆపరేషన్ థియేటర్‌లో సర్జన్‌కి సామాను అందించడం. అక్కడ జాక్ క్రాన్లీ అనే సర్జన్ దగ్గర పని నేర్చుకున్నాడు. కాలి నాళంలో గడ్డ పడ్డవాళ్లకి ఆ రోజుల్లో చేసే ఆపరేషన్ ఎలా ఉండేదంటే, కాలు పొడవునా కోసి, ధమనిని తెరిచి, గడ్డని ముక్కలు ముక్కలుగా పట్టి లాగేవారు. గంటలు పట్టేది. అంత చేసినా చాలామందికి కాలు పోయేది, కొంతమందికి ప్రాణమే పోయేది. ఇదంతా థియేటర్‌లో పక్కనే నిలబడి చూశాడు ఆ కుర్రాడు.

తర్వాత వైద్య విద్యలోకి వెళ్లి, ఆ రోజుల్లోనే ఒక ఆలోచన చేశాడు. గడ్డని ముందువైపు నుంచి పట్టుకోవడం ఎందుకు? సన్నటి గొట్టాన్ని గడ్డ మధ్యలోంచి అవతలికి దూర్చేద్దాం. అవతల చిన్న బుడగ ఊదుదాం. ఊదిన బుడగని వెనక్కి లాగితే గడ్డంతా దాంతోపాటే వచ్చేయాలి కదా! ఆలోచన ఇంతే. బుడగ ఎక్కడిది? సర్జన్లు వేసుకునే రబ్బరు గ్లవ్ చిటికెన వేలు కొస కత్తిరించాడు. అది గొట్టానికి అంటుకోదే! రెండూ వేరే వేరే పదార్థాలు, వాటిని పట్టి ఉంచే జిగురు దొరకలేదు. ఈ కుర్రాడికి చిన్నప్పటి నుంచి చేపలు పట్టే సరదా. గాలానికి దారంతో దొంగ ఈగలు కట్టే పని చేతికి బాగా అలవాటు. అదే ముడి వేసి గ్లవ్ ముక్కని గొట్టానికి బిగించాడు. నీళ్లు కారలేదు. పనయింది.

తయారుచేయమని కంపెనీల చుట్టూ తిరిగితే మొదట ఎవరూ తీసుకోలేదు. 1961లో మనుషుల మీద వాడటం మొదలైంది, 1963లో వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. కాలు పొడవునా కోసే ఆపరేషన్ గజ్జల దగ్గర చిన్న కోతకి తగ్గిపోయింది. ఇప్పటికీ మన ఊళ్లలో రక్తనాళాల సర్జన్లు "ఫోగార్టీ ఇవ్వండి" అనే అడుగుతారు. మనం జిరాక్స్ అన్నట్టు, మనిషి పేరే వస్తువు పేరైపోయింది.

ఇది గడ్డల సంగతి. గట్టిపడ్డ ప్లాక్ దారి వేరు, దాన్ని త్వరగా చెప్పేస్తాను. 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్ట్ దగ్గరికి 82 ఏళ్ల ముసలావిడ వచ్చింది. కాలివేళ్లు కుళ్లిపోతున్నాయి. కాలు తీసేయాలంటే ససేమిరా అంది. డాటర్ ఒకదాని మీద ఒకటి లావు గొట్టాలు తొడుగుతూ ఆ సన్నబడ్డ ధమనిని వెడల్పు చేశాడు. ఆవిడ ఆ తర్వాత దాదాపు మూడేళ్లు బతికింది, తన కాళ్ల మీదే నడిచింది. సర్జన్లు మాత్రం చాలాకాలం డాటర్‌ని పిచ్చివాడన్నట్టే చూశారు. తర్వాత ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ స్విట్జర్లాండ్‌లోని జూరిచ్‌లో తన ఇంటి వంటగది బల్ల మీద బెలూన్ గొట్టాలు తయారుచేసి, 1977 సెప్టెంబర్ 16న మెలకువగా ఉన్న మనిషి గుండె ధమనిని మొదటిసారి అలా తెరిచాడు. యాంజియోప్లాస్టీ అన్నమాట మనకి అక్కడి నుంచే వచ్చింది. బెలూన్ తీసేశాక నాళం మళ్లీ ముడుచుకుంటుంటే స్టెంట్ వచ్చింది. మన హైదరాబాద్‌కి కూడా ఇందులో ఒక భాగం ఉంది. 1990ల్లో అబ్దుల్ కలాం, కార్డియాలజిస్ట్ సోమరాజు కలిసి తక్కువ ధర స్టెంట్ చేయించారు. కలాం–రాజు స్టెంట్ అని పేరు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం ధరల మీద పరిమితి పెట్టి, మందు పూత ఉన్న స్టెంట్‌ని పన్నులు కాక 29,600 రూపాయలకి దించింది. అంతకుముందు బిల్లులు కట్టినవాళ్లకి తెలుసు ఆ తేడా.

ప్లాక్ మరీ రాయిలా ఉంటే బెలూన్ కూడా దాన్ని అదమలేదు. దానికి వజ్రపు పొడి పూసిన చిన్న బుర్ర ఉంటుంది, నిమిషానికి లక్షన్నర సార్లు అటూ ఇటూగా తిరుగుతూ రాయిని పిండి చేస్తుంది. ఆ పిండి రేణువులు ఎర్రరక్త కణాల కంటే చిన్నవిగా ఉండి రక్తంలో కలిసిపోతాయి. మెత్తటి గోడ వంగి తప్పుకుంటుంది, గట్టి రాయి తప్పుకోలేక అరిగిపోతుంది. ఆ కిటుకు మీదే పని నడుస్తుంది. కొత్తగా వచ్చిన ఇంకో పద్ధతిలో, కిడ్నీలో రాళ్లు పగలగొట్టినట్టే, బెలూన్ లోపలి నుంచి షాక్ తరంగాలు పంపి కాల్షియాన్ని పగలగొడతారు. ఇవన్నీ దారి చేసే పనులు. తర్వాత స్టెంట్ పడాల్సిందే.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. గుండెపోటులో గడ్డ ఉంటుందని అనుకున్నాం కదా. మరి స్టెంట్ వేసే ముందు ఆ గడ్డని గొట్టంతో పీల్చేస్తే మంచిదే కదా? ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. 2008లో వచ్చిన ఒక అధ్యయనం కూడా అవునంది. డాక్టర్లు ఉత్సాహంగా పీల్చడం మొదలుపెట్టారు. తర్వాత రెండు పెద్ద ట్రయల్స్ జరిగాయి. 2013లో టేస్ట్, ఏడువేల మందికి పైగా. 2015లో టోటల్, పదివేల మందికి పైగా. అందరికీ ఇలా పీల్చడం వల్ల ప్రాణాలేమీ ఎక్కువ నిలబడలేదు. పైగా టోటల్‌లో పీల్చినవాళ్లలో స్ట్రోక్‌లు కాస్త ఎక్కువ కనిపించాయి. దాంతో ఇప్పుడు గుండెలో అందరికీ అలా చేయరు, కొన్ని కేసుల్లోనే చేస్తారు. చూడ్డానికి సబబుగా ఉన్న ప్రతిదీ పనిచేయదు, లెక్క కట్టి చూడాల్సిందే.

మెదడులో కథ సరిగ్గా తిరగబడింది. అక్కడ మొదట వద్దన్నది, తర్వాత అవునని తేలింది.

మెదడులో గడ్డ పడితే 1995 నుంచి ఉన్న మందు టీపీఏ. సూదిమందు, గడ్డని కరిగిస్తుంది. మొదట స్ట్రోక్ వచ్చిన 3 గంటల లోపే ఇవ్వాలన్నారు, 2008లో అది నాలుగున్నర గంటలైంది. కానీ పెద్ద నాళంలో పొడవాటి గడ్డ ఉంటే మందు చాలాసార్లు దాన్ని కరిగించలేదు. చెరువు తూములో మొద్దు పడితే నీళ్లు పోసి ఏం లాభం, మొద్దుని లాగాలి.

లాగడానికి మొదటి పరికరం 2004లో అమెరికాలో అనుమతి పొందింది. పేరు మెర్సీ. సీసా బిరడా తీసే మరలాంటి తీగ. మన పాత ఇళ్లల్లో బావిలో చేద పడిపోతే పాతాళగరిగె వేసి వెతికేవారు, కొక్కేలతో గుత్తిలా ఉంటుంది, అమ్మమ్మ వాళ్లని అడగండి. అలాంటిదే ఇది కూడా. ఒక్కోసారి తగులుకునేది, ఒక్కోసారి జారిపోయేది. 2013లో మూడు ట్రయల్స్ ఫలితాలు ఒకేసారి వచ్చాయి. మూడూ ఒకే మాట చెప్పాయి: గొట్టంతో గడ్డ లాగడం వల్ల అదనంగా లాభం కనబడలేదు. చాలామంది ఈ పని అయిపోయిందనుకున్నారు.

తర్వాత ఏం మారింది? మూడు మారాయి. ఆ పాత ట్రయల్స్‌లో చాలామందికి పెద్ద నాళంలో గడ్డ నిజంగా ఉందో లేదో ముందే చూడలేదు. పని మొదలవడానికే బాగా ఆలస్యమయ్యేది. పరికరాలేమో పాతవి. కొత్త పరికరం పేరు స్టెంట్ రిట్రీవర్. మెదడు నాళాల్లో ఉబ్బిన బుడగలకి, అంటే అన్యూరిజాలకి, చికిత్స చేసేటప్పుడు ఆసరాగా వాడటానికి చేసిన జాలీ ఒకటుంది. దాన్ని తెరిచాక మళ్లీ మడిచి వెనక్కి తీయొచ్చు. ఆ గుణం చూసి, దీనితో గడ్డని పట్టొచ్చు కదా అనుకున్నారు.

ఎలా పనిచేస్తుందో ఒకసారి మెల్లగా చూద్దాం. గజ్జల దగ్గర నుంచి ఒక లావు గొట్టం మెడలోని ధమని దాకా వెళ్తుంది. దానిలోంచి ఇంకా సన్నటి గొట్టం, దానిలోంచి వెంట్రుకలాంటి తీగ. ఒకదాన్లో ఒకటి, గొడుగు కాడలా. మెదడు మధ్య ధమని వెడల్పు సుమారు 3 మిల్లీమీటర్లు, అక్కడ గడ్డ ఉంది. సన్నటి గొట్టం గడ్డలోంచి అవతలికి దూరుతుంది. ఫోగార్టీ గుర్తొచ్చాడా? అదే ఆలోచన! ఇప్పుడు గొట్టాన్ని వెనక్కి జరిపితే లోపల మడిచి ఉన్న జాలీ పువ్వులా విచ్చుకుంటుంది. అది నిటినాల్ అనే లోహం, నికెల్, టైటానియం కలిపింది. ఎంత మడిచినా తన అసలు ఆకారాన్ని మర్చిపోదు. జాలీ గళ్లల్లోకి గడ్డ దిగబడే దాకా కొద్ది నిమిషాలు ఆగుతారు. తర్వాత మెల్లగా లాగుతారు. లాగేటప్పుడు పైనుంచి వచ్చే రక్తం గడ్డని మళ్లీ ముందుకి తోయకుండా మెడలో బెలూన్ ఊది ప్రవాహాన్ని ఆపడం కూడా ఉంది.

రెండో పద్ధతి పీల్చడం. కొబ్బరి బొండాం తాగుతుంటే స్ట్రా మూతికి లేత కొబ్బరి ముక్క అడ్డం పడుతుంది కదా. అప్పుడేం చేస్తాం? గట్టిగా పీల్చి పట్టుకుని, స్ట్రానే బయటికి తీస్తాం, ముక్క దానికి అతుక్కునే వస్తుంది. సరిగ్గా అదే! వెడల్పు గొట్టాన్ని గడ్డ ముఖం దాకా తీసుకెళ్లి, పంపు ఆన్ చేసి, గడ్డ మూతికి అతుక్కున్నాక గొట్టంతో సహా లాగుతారు. చాలాచోట్ల రెండు పద్ధతులూ కలిపి చేస్తారు. ఊపిరితిత్తుల నాళాల్లో పెద్ద గడ్డలు పడ్డవాళ్లకి ఇదే పీల్చే పనిని 24 ఫ్రెంచ్ గొట్టంతో చేసే పరికరాలున్నాయి. అంటే 8 మిల్లీమీటర్లు, లెక్క గుర్తుంది కదా.

నెదర్లాండ్స్‌లో 500 మందితో జరిగిన మిస్టర్ క్లీన్ అనే ట్రయల్ ఫలితాలు 2015 మొదట్లో పత్రికలో అచ్చయ్యాయి. పేరు చూసి నవ్వకండి, మామూలు ట్రయల్ కాదు. మూడు నెలల తర్వాత తమ పని తాము చేసుకోగలిగినవాళ్లు మామూలు చికిత్సలో 19.1 శాతం, గడ్డ లాగినవాళ్లలో 32.6 శాతం. ఆ ఏడాదే ఇంకో నాలుగు ట్రయల్స్ కూడా అవునన్నాయి. ఐదింటిలోని 1,287 మందిని కలిపి చూస్తే, సుమారు ప్రతి 2.6 మందికి చేస్తే ఒకరికి వైకల్యం కనీసం ఒక మెట్టు తగ్గింది. వైద్యంలో ఇది చాలా పెద్ద అంకె. మంచాన పడాల్సిన మనిషి కర్రతో నడవడం, కర్ర పట్టాల్సిన మనిషి బండి నడపడం అనుకోండి.

ఆ 32.6ని ఇంకోవైపు నుంచి కూడా చూడాలి. చేయించుకున్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది పూర్తిగా కోలుకోలేదు. నాళం తెరుచుకున్నా అప్పటికే చచ్చిన మెదడు తిరిగి రాదు. పైగా పని చేసేటప్పుడు నాళానికి చిల్లు పడొచ్చు, గడ్డ ముక్క తెగి ఇంకా లోపలికి పోవచ్చు, మెదడులో రక్తస్రావం కావచ్చు. స్ట్రోక్ నాళం చిట్లి వచ్చిందైతే ఈ చికిత్సే లేదు. చిన్న చిన్న కొమ్మల్లోని గడ్డలకి కూడా ఇది మామూలుగా చేయరు. అందుకే ముందు సీటీ, తర్వాత నాళాలు కనబడే సీటీ యాంజియో.

టైమ్ సంగతి. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని 2006లో ఒక లెక్క వేశారు. మనం ఈ వీడియో మొదలుపెట్టి ఎంతసేపైందో మీరే గుణించుకోండి.

మా పెద్దనాన్న సంగతి చెప్తాను. నాలుగైదేళ్ల క్రితం, రాత్రి తొమ్మిదింటికి నాతో ఫోన్‌లో మాట్లాడి పడుకున్నారు. పొద్దున ఐదింటికి లేచేసరికి కుడిచెయ్యి లేవలేదు, మాట రాలేదు. దగ్గర్లోని టౌన్‌లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లారు. సీటీ తీశారు. "ఎప్పుడొచ్చిందో తెలీదు, నాలుగున్నర గంటలు దాటిపోయి ఉంటుంది, ఇంక చేసేదేం లేదు" అని సెలైన్ పెట్టి పడుకోబెట్టారు. సూదిమందు వరకూ వాళ్ల జాగ్రత్త వాళ్లది, సరే. కానీ నాళాలు చూసే స్కాన్ చేయలేదు, గడ్డ లాగే చోటు ఫలానా సిటీలో ఉంది, ఫోన్ చేద్దాం అని ఒక్కరూ అనలేదు. మా పెద్దమ్మకి అడగడం తెలీదు. ఆయనకి ఆ చికిత్స పనికొచ్చేదో లేదో ఇప్పుడెవరూ చెప్పలేరు. చూడలేదు కాబట్టి. ఇప్పుడు ఆయన దగ్గర మిగిలిన మాటలు రెండే, "ఆఁ", "అది". మా పేర్లు తెలుసు, నోటికి రావు.

2018లో, అంటే ఇది జరగడానికి ముందే, డాన్ అనే ట్రయల్ ఫలితాలు అచ్చులో వచ్చాయి. చివరిసారి మామూలుగా కనిపించి 6 నుంచి 24 గంటలైనవాళ్లు, అంటే నిద్రలో స్ట్రోక్ వచ్చినవాళ్లు కూడా, 206 మంది. స్కాన్‌లో మెదడు ఇంకా బతికి ఉందని తేలినవాళ్లనే తీసుకున్నారు. తమ పని తాము చేసుకునే స్థితికి వచ్చినవాళ్లు మామూలు చికిత్సలో 13 శాతం, గడ్డ లాగినవాళ్లలో 49 శాతం. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే, ట్రయల్‌ని మధ్యలోనే ఆపేశారు. కొంతమందికి పక్క నాళాల నుంచి కొద్దికొద్దిగా రక్తం అందుతూ మెదడు ఎక్కువసేపు నిలబడుతుంది. ఎవరిది నిలబడిందో గడియారం చెప్పదు, స్కాన్ చెప్తుంది. అలాగని 24 గంటలు టైముంది కదా అని కూర్చోకూడదు. ఎంత ముందు వెళ్తే అంత మెదడు మిగులుతుంది.

కాబట్టి ఇంట్లో ఎవరికైనా మూతి ఒకవైపు జారినా, చెయ్యో కాలో ఒక్కసారిగా బలం పోయినా, మాట ముద్దగా వచ్చినా, చూపు హఠాత్తుగా పోయినా, నడుస్తూ తూలిపోయినా, 108కి ఫోన్ చేయండి. నీళ్లు తాగించొద్దు, మింగడం సరిగ్గా రాక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆస్పిరిన్ ఇవ్వొద్దు, నాళం చిట్లి ఉంటే ఇంకా ముంచుతుంది. వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ ఒకటుంది, పది వేళ్లకీ సూదితో గుచ్చి రక్తం తీస్తే స్ట్రోక్ తగ్గుతుందని. దాని గురించి ఎక్కువ మాట్లాడను, డిలీట్ చేయండి. పసరు మందుకి ఊళ్లు తిరగడం కూడా అంతే. తగ్గితే సాయంత్రం చూద్దాం అనే మాట అసలు వద్దు.

ఆసుపత్రికి బయల్దేరుతూనే ఫోన్ చేసి అడగండి. ఇప్పుడు సీటీ తీసేవాళ్లున్నారా? పెద్ద నాళంలో గడ్డ ఉందేమో చూసే సీటీ యాంజియో చేస్తారా? మెకానికల్ థ్రాంబెక్టమీ, అదే గడ్డ లాగే పని, మీ దగ్గర చేస్తారా, లేకపోతే ఎక్కడికి పంపుతారు? థ్రాంబెక్టమీ అనే పేరు ఇప్పుడే ఫోన్‌లో నోట్స్‌లో రాసి పెట్టుకోండి, ఆ కంగారులో గుర్తురాదు. మీ జిల్లాలో అది చేసే చోటు ఏదో కూడా ఈ వారంలో కనుక్కుని దాని పక్కనే రాయండి. వాళ్లు వాడే మందుల చీటీ ఫోటో తీసి ఉంచండి. రక్తం పలచబడే మందు ఉందా లేదా అన్నది డాక్టర్ ముందే అడుగుతారు.

వాళ్లు ఇంకో ప్రశ్న అడుగుతారు. చివరిసారి మామూలుగా ఎప్పుడున్నారు? దీనికి ఇంట్లో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. మీరు ఆ మనిషి ఫోన్ తీసి చూడండి. చివరగా మాట్లాడిన కాల్ ఎన్నింటికి, తప్పుల్లేకుండా పంపిన మెసేజ్ ఎన్నింటికి, వాట్సాప్‌లో లాస్ట్ సీన్ ఎన్నింటికి. మా పెద్దనాన్న విషయంలో రాత్రి తొమ్మిది ఆరు అని నా కాల్ లిస్టులోనే ఉంది. ఆ టైమ్ స్క్రీన్‌షాట్ తీసి, డాక్టర్‌కి చూపించండి.

వచ్చే ఎపిసోడ్‌లో గుండె లయ తప్పడం గురించి మాట్లాడుకుందాం, గడ్డ తయారయ్యేది అక్కడే కాబట్టి. ఉంటాను మరి, నమస్తే.